‘పాలు పడ్డాయా?’ అని ఎవరూ అడగలేదు

మా మేనత్త జబ్బు పేరేమిటో తెలియడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. తెలిసిన రోజున ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు గారు తన వెంట ఉన్న విద్యార్థులతో ‘‘చాలా అరుదైన కేసు, బాగా చూసుకోండి’’ అన్నారు. వాళ్ళు వరసగా వచ్చి అత్తయ్యను చూశారు. కనురెప్పలు లాగారు, చంకలు చూశారు, అరచేతులు వెలుతురుకి పట్టి చూశారు. మంచం పక్కన నిలబడ్డ మా అమ్మ నా చెవిలో మెల్లిగా అంది: ‘‘అరుదేంటే? మన లంకలోనే ఇలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారు కదా!’’

మా అమ్మ ఐదో తరగతి వరకే చదువుకుంది. ఆమె అన్న ఆ మాటే ఈ వ్యాసం.

అత్తయ్యది కోనసీమలో ఒక లంక గ్రామం. 1993 ఆగస్టులో రెండో కాన్పు. ఏరు నిండుగా ఉంది. మంత్రసాని చేతుల్లో బిడ్డ పడ్డాడు గానీ మాయ పడలేదు. నులక మంచం కిందికి నెత్తురు కారి మట్టి నేల తడిసి ముద్దయిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మంచంతో సహా పడవెక్కించి, ఏరు దాటించి, అక్కణ్ణుంచి వ్యాన్లో పట్నం చేర్చేసరికి పొద్దుగూకింది. రక్తం దొరికేసరికి అర్ధరాత్రి. ‘‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’’ అన్నారందరూ.

ఆ పదివేల తర్వాత జరిగింది ఇదీ. ఆమెకు చుక్క పాలు పడలేదు. అప్పటికి మా తమ్ముడు నాలుగు నెలలవాడు. అత్తయ్య కొడుకు కూడా మా అమ్మ పాలే తాగి పెరిగాడు. ముట్లు మళ్ళీ రాలేదు. ఇరవై ఆరేళ్ళకే నిలిచిపోతే ఎవరూ కంగారు పడలేదు, ‘‘ఆపరేషన్ ఖర్చు తప్పింది’’ అని నవ్వారు. జుట్టు పల్చబడింది. ఒంటి రంగు పాలిపోయింది. రోహిణీ కార్తెలో ఊరంతా ఉడికిపోతుంటే ఆమె దుప్పటి కప్పుకునేది. పొయ్యి ముందు కూర్చుని కూర్చునే నిద్రపోయేది. అత్తింటివాళ్ళు బద్ధకం అన్నారు. ఇరుగుపొరుగు బాలింత గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఊరి ఆరెంపీ బలానికని సెలైన్లు ఎక్కించాడు. సెలైన్ ఎక్కిన రెండ్రోజులు కాస్త తేరుకునేది. అదెందుకో అతనూ ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు. పట్నంలో డాక్టర్లు రక్తహీనత అన్నారు. ఒకరు థైరాయిడ్ పరీక్ష రాయించి, కాగితం చూసి ‘‘నార్మలే, ఏమీ లేదు’’ అన్నారు. ఇంకొకరు మామయ్యను పక్కకు పిలిచి ‘‘ఇది మానసికం’’ అని చెప్పి నిద్రమాత్రలు రాసిచ్చారు. ఇన్నేళ్ళలో ఏ డాక్టరు ముందు కూర్చున్నా మాట్లాడింది మామయ్యే. ఆమె పక్క స్టూలు మీద తల వంచుకుని కూర్చునేది.

2017 వేసవిలో రెండు రోజులు వాంతులై, మాట తడబడి, స్పృహ తప్పింది. రాజమండ్రిలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. మొదట వడదెబ్బ అన్నారు. తర్వాత పక్షవాతం అనుమానించారు. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని తేలింది గానీ ఎందుకు పడిపోయిందో తేలలేదు. మూడో రోజు రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక పీజీ అమ్మాయి వరండాలో మా అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ‘‘ఆవిడ చివరి కాన్పులో రక్తం బాగా పోయిందామ్మా?’’ అని అడిగింది. అమ్మ చెప్పింది. ‘‘తర్వాత పాలు పడ్డాయా?’’ అంది.

‘‘చుక్క పడలేదండి. బాబుకి నేనే ఇచ్చాను.’’

ఆ రాత్రే పరీక్షలకు రక్తం తీశారు. దాన్ని షీహన్ సిండ్రోమ్ అంటారని మర్నాడు తెలిసింది.

మెదడు అడుగున, కనుబొమల వెనక, శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. పిట్యూటరీ. పాలు పడాలన్నా, ముట్టు రావాలన్నా, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు పనిచేయాలన్నా ఆజ్ఞ దాని నుంచి వెళ్ళాల్సిందే. గర్భంతో ఉన్నప్పుడు అది పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో నెత్తురు విపరీతంగా పోయి రక్తపోటు పడిపోతే దానికి రక్తం అందదు, చాలా భాగం చచ్చిపోతుంది. 1937లో హెరాల్డ్ షీహన్ అనే ఇంగ్లండు పాథాలజిస్టు దీన్ని వివరంగా రాశాడు. అప్పటినుంచి పాఠ్యపుస్తకాల్లో ఉంది. థైరాయిడ్ పరీక్ష నార్మల్ అని ఎందుకొచ్చిందో కూడా అదే పుస్తకాల్లో ఉంది. సాధారణంగా చూసే టీఎస్‌హెచ్ పిట్యూటరీ నుంచే రావాలి. థైరాయిడ్ మందగించినప్పుడు అది పెరిగి హెచ్చరిక చేస్తుంది. ఇక్కడ హెచ్చరిక చేయాల్సిన గ్రంథే పడిపోయింది కాబట్టి అంకె నార్మల్‌గానే కనబడవచ్చు. దాంతోపాటు టీ4 కూడా చూస్తే తెలిసేది. ఎంఆర్ఐలో ఆ గ్రంథి ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీగా ఉంది.

వైద్యం చూస్తే ఖరీదైనది కాదు. ముందు స్టిరాయిడ్ మాత్ర, అది కుదురుకున్నాక థైరాయిడ్ మాత్ర. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. సరిగ్గా ఇస్తే మనిషి లేచి కూర్చుంటుంది. అత్తయ్య వారం తిరక్కుండా లేచి కూర్చుని ఆవకాయ అన్నం అడిగింది. ఆ గొంతు నేను చిన్నప్పుడు విన్నదే, మధ్యలో ఎక్కడికో పోయి తిరిగొచ్చింది.

ఇప్పుడు ‘అరుదైన’ అన్న మాట దగ్గరికి వస్తాను. ఎవరికి అరుదు? కాన్పు గదిలో రక్తం నిలవ ఉండే దేశాల్లో ఈ జబ్బు నిజంగానే అరుదు. అక్కడ రాసిన పుస్తకాన్ని ఇక్కడ చదువుకుని, ఇక్కడి లంకల్లో కూడా అరుదే అనుకుంటే అది ఎవరి తప్పు? కాశ్మీర్ లోయలో వైద్యులు ఊళ్ళల్లో తిరిగి బిడ్డలను కన్న స్త్రీలను పరీక్షించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇరవై ఏళ్ళు దాటిన తల్లుల్లో దాదాపు నూటికి ముగ్గురికి ఈ జబ్బు ఉందని వాళ్ళ అంచనా. ఉన్నవాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇళ్ళల్లోనే కన్నవాళ్ళు. వెళ్ళి అడిగినవాళ్ళకు కనిపించింది. మనం మాతృ మరణాలు లెక్కపెడతాం, పెట్టాలి కూడా. కానీ ఆ లెక్కలో అత్తయ్య ‘బతికినవాళ్ళ’ ఖాతాలో ఉంది. బతికి ఏమయ్యారో రాసుకునే గడి ఏ రిజిస్టరులోనూ లేదు.

దీన్ని ఇంకో సంఘటన పక్కన పెట్టి చూడండి. 2020 డిసెంబరు 5న అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు వన్ టౌన్‌లో మనుషులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పడిపోయారు. ఫిట్స్, నోటి వెంట నురగ, తలనొప్పి, వాంతులు. ఆడ, మగ, పిల్లలు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా. పత్రికలన్నీ ‘అంతుచిక్కని వ్యాధి’ అని రాశాయి. ముఖ్యమంత్రి ఆస్పత్రికి వెళ్ళారు. రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయల నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కీ హైదరాబాద్ సంస్థలకీ వెళ్ళాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల మీద అనుమానం నిలబడింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది వాదంగానే మిగిలింది. పుస్తకంలో లేని జబ్బు ఊరికి ఊరికే వస్తే దాన్ని అంతుచిక్కనిది అంటారు, అంటే అంతు చూడాల్సిన బాధ్యత చూసేవాళ్ళ మీద ఉంటుంది. అలాగే జరగాలి. కానీ పుస్తకంలో ఉన్న జబ్బే ఒక్క ఆడమనిషికి వస్తే దాన్ని ‘ఏమీ లేదు’ అంటారు. అప్పుడు బాధ్యత ఆమె మీద పడుతుంది. లేని జబ్బును ఆమె ఎందుకు మోస్తోందో ఆమే సంజాయిషీ చెప్పుకోవాలి.

డాక్టర్లు నాతో వాదించారు. ఓపీలో రోజుకు వంద మంది, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ప్రతి నీరసం వెనకా పిట్యూటరీని వెతుకుతూ కూర్చుంటే అయ్యే పనేనా అన్నారు. వాళ్ళకు చదువుకునేటప్పుడు నేర్పే సామెత ఒకటుందట: డెక్కల చప్పుడు వినబడితే గుర్రం అనుకో, చారల గుర్రం అనుకోకు. అమెరికాలో ఒక వైద్య గురువు చెప్పిన మాట. మంచి మాటే. కానీ మా లంక గట్టు మీద డెక్కల చప్పుడు వినబడితే అది గుర్రమూ కాదు, చారల గుర్రమూ కాదు, గేదె. ఏ ఊళ్ళో ఏది మామూలో ఆ ఊరివాళ్ళను అడిగితేనే తెలుస్తుంది. పైగా ‘పాలు పడ్డాయా’ అని అడగడానికి పట్టేది ఐదు సెకన్లు. రెండు నిమిషాల్లో అది పడుతుంది.

గోదావరి జిల్లాల వైద్యానికి ఈ పాఠం కొత్తేమీ కాదు. బోదకాలు మన డెల్టాకు పాత చుట్టం. కేంద్ర ప్రభుత్వం 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జబ్బు మీద పరిశోధనకూ శిక్షణకూ దేశంలో ఉన్న కొద్దిపాటి కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలోనే ఉంది. ఇంత చరిత్ర ఉన్న జబ్బు లెక్కలు తీస్తే అందులో ముఖ్యంగా కనిపించే గడులు రెండు: కాళ్ళూ చేతుల వాపు ఒకటి, మగవాళ్ళ వరిబీజం రెండోది. అదే పురుగు ఆడవాళ్ళకు రొమ్ములో గడ్డగా కూడా రావచ్చు. క్యాన్సరేమోనని భయపడి వచ్చిన స్త్రీ రొమ్ములోంచి సూదితో తీసిన నమూనాలో ఆ పురుగు పిల్లలు కనిపించిన ఉదంతాలు మన దేశపు వైద్య పత్రికల్లో ‘అరుదైన కేసు’ అన్న శీర్షిక కింద వస్తూనే ఉన్నాయి. గర్భాశయానికీ నాళాలకూ వచ్చే క్షయ సంగతీ అంతే. దగ్గు ఉండదు, కఫం పరీక్షకు దొరకదు, చాలామందికి ఏ బాధా తెలియదు. పిల్లలు పుట్టలేదని పరీక్షలకు వెళ్ళినప్పుడు బయటపడుతుంది. ఈలోగా గొడ్రాలన్న పేరు పడే ఉంటుంది, ఒక్కోసారి మొగుడికి రెండో పెళ్ళీ అయిపోయి ఉంటుంది.

గుండె జబ్బు మాట అందరూ ఎరిగిందే అయినా ఒక్క విషయం చెప్పాలి. ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని అమెరికాలో 1980లలో పేరుమోసిన ప్రయోగం ఒకటి జరిగింది. పాల్గొన్నది 22,071 మంది డాక్టర్లు, ఒక్క స్త్రీ కూడా లేదు. 1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు దీని మీద నిలదీస్తూ రాసి, ఈ వైఖరికి ‘యెంటల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టింది. ఐజక్ బషేవిస్ సింగర్ కథలో యెంటల్ అనే అమ్మాయి శాస్త్రం చదువుకోవడానికి మగవేషం వేసుకుంటుంది. స్త్రీ తన గుండె జబ్బు కూడా మగవాడి జబ్బులాగే ఉందని నిరూపించుకుంటే తప్ప వైద్యం దొరకదని హీలీ అన్నది. అక్కణ్ణుంచి ‘ఆడవాళ్ళ గుండెపోటు లక్షణాలు వేరు’ అన్నమాట ప్రచారంలోకి వచ్చింది. మనమూ సదస్సుల్లో చెప్పాం. ఇప్పటి పరిశోధనలు దాన్ని కొంత సవరిస్తున్నాయి. స్త్రీలకు కూడా ఎక్కువగా వచ్చేది ఛాతీనొప్పే. దాంతోపాటు ఆయాసం, వికారం, దవడ నొప్పి, నీరసం వాళ్ళు ఎక్కువగా చెబుతారు. ఈ సవరణ నాకు ఓటమిలా అనిపించలేదు. ఒకే నొప్పి, ఒకే మాటల్లో చెప్పినా ఆమె చెబితే గ్యాసు, అతను చెబితే ఈసీజీ అయినప్పుడు, తేడాను ఆమె ఒంట్లో వెతకడం మానేసి వినే చెవిలో వెతకాలి.

ఇంతవరకూ డాక్టర్లను తిట్టాను. ఇక మన సంగతి.

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం తెలుగు కథల్లో స్త్రీల అనారోగ్యం మీద. కథల్లో ఆడవాళ్ళ నీరసం, మూర్ఛ, మౌనం, పక్క దిగకపోవడం అన్నీ నోరులేని ధిక్కారాలని వాదించాను. శరీరం మాట్లాడే భాష అన్నాను. మార్జిన్లో మా గైడ్ ‘బాగుంది’ అని రాశారు. ఆ అధ్యాయం నేను రాస్తున్న ఏప్రిల్ నెలలో అత్తయ్య మా ఇంటికొచ్చింది. నేను రాసుకుంటున్న గది పక్క గదిలో ఫ్యాన్ కట్టేసి, దుప్పటి కప్పుకుని మధ్యాహ్నమంతా పడుకునేది. నేను ఆమెను చూసి జాలిపడ్డాను. అత్తింటి అణచివేత ఆమెనిలా చేసిందని నమ్మాను. రెండు వాక్యాలు ఆమెను తలచుకునే రాశాను కూడా. ఆమెకు ఒక్క ప్రశ్న వేయలేదు. చలిగా ఎందుకుంది అత్తా అని అడగలేదు.

నిద్రమాత్రలు రాసిన డాక్టరు ఆమెది మానసికం అన్నాడు. నేను ధిక్కారం అన్నాను. ఆయన కంటే నా మాట గౌరవంగా ఉంది, అంతే తేడా. ఇద్దరమూ ఆమె ఒంట్లో ఏముందో చూడకుండా ఆమె మనసు గురించి తీర్పు చెప్పాం. హిస్టీరియా అన్న మాట గ్రీకులో గర్భాశయం పేరు నుంచి పుట్టిందనీ, అమెరికా మానసిక వైద్యులు 1980లో దాన్ని తమ జాబితాలోంచి తీసేశారనీ మనం క్లాసుల్లో పాఠం చెబుతాం. వాళ్ళు తీసేసినదాన్ని మనం మన విమర్శలో మెచ్చుకోలుగా తెచ్చి పెట్టుకున్నామేమో ఆలోచించండి. స్త్రీ పడిపోగానే మనకు ప్రతీక కనబడుతుంది. సోడియం ఎంతుందో చూడాలని తోచదు. అణచివేత లేదని నేననడం లేదు. అత్తయ్యకు అది నిండా ఉంది. మంత్రసాని చేతికి మించిన కాన్పుకు లంకలో దారి లేకపోవడం, రక్తం అర్ధరాత్రి దాకా రాకపోవడం, ఆమె బదులు మొగుడు మాట్లాడటం, అన్నీ అణచివేతే. అది ఆమె పిట్యూటరీలోకి ఏ దారిన వెళ్ళిందో కనుక్కోవాల్సిన చోట మనం దాన్ని ఉపమానంగా మార్చేసి తృప్తిపడ్డాం.

అడిగితే ఏం జరుగుతుందో చూపించిన స్త్రీ ఒకామె ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలు గర్భంతో ఉండగా ఒక రకం తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఇనుము ఇచ్చినా తగ్గదు. ఆమె వాళ్ళు ఏం తింటున్నారు, ఎలా బతుకుతున్నారు అని అడుగుతూ తిరిగింది. ఈస్టు సారంతో చేసిన మార్మైట్ అనే చవక సరుకు ఇస్తే కోలుకుంటున్నారని కనిపెట్టి 1931లో ప్రచురించింది. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు, ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. అదే ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ జబ్బుకు సొంత అన్నదమ్ములను పోగొట్టుకున్నవాడు. ఆయన పేరు మన పిల్లలకు చెబుతాం, చెప్పాలి. లూసీ విల్స్ పేరు చెప్పం. ఆమెకు తమ ఒంటి కథ చెప్పిన మిల్లు స్త్రీలకైతే పేర్లే లేవు. ఇవాళ గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ మాత్ర వెనక వాళ్ళ మాట ఉంది.

డాక్టర్లు ‘కేస్ హిస్టరీ’ అంటారు. అది ఒక కథనం. ఎవరు చెప్పారు, ఎక్కడ మొదలుపెట్టారు, ఏది వదిలేశారు అన్నది చూడటం మన వృత్తి. అత్తయ్య కథ మామయ్య చెప్పినప్పుడు ‘రెండు నెలల నుంచి నీరసం’ అని మొదలయ్యేది. మా అమ్మ చెప్పినప్పుడు ‘ఆ కాన్పు తర్వాత మనిషి మారిపోయింది’ అని మొదలైంది. రోగ నిర్ధారణ మొత్తం ఆ మొదటి వాక్యంలో ఉంది. ఇరవై నాలుగేళ్ళూ ఆ వాక్యం మా వంటింట్లోనే తిరుగుతూ ఉంది. ఆ వాక్యాన్ని ఓపీ గది దాకా తీసుకెళ్ళే దారి లేదు. డబ్బూ కులబలమూ లేనివాళ్ళకు ఓపీ గది తలుపే ఇంకా దూరం.

అందుకని వైద్యులను అడుగుతున్నాను. స్త్రీని ఒక్క నిమిషమైనా ఒంటరిగా, ఆమె నోటితో మాట్లాడనివ్వండి. ఏ వయసు స్త్రీ నీరసమని వచ్చినా చివరి కాన్పు ఎలా జరిగింది, రక్తం పోయిందా, పాలు పడ్డాయా, ముట్టు తిరిగొచ్చిందా అని రాసుకోండి. కాన్పులో రక్తం ఎక్కించాల్సి వచ్చిన ప్రతి తల్లికీ ఇంటికి పంపేటప్పుడు ఆ మాట కాగితం మీద రాసివ్వండి, ఫలానావి జరగకపోతే తిరిగి రమ్మని చెప్పండి. ‘ఏమీ లేదు’ అనకండి, ‘నాకు తెలియడం లేదు’ అనండి. ఆ మాట విన్న మనిషి ఇంకో చోటికి వెళ్ళి చూపించుకుంటుంది. మొదటి మాట విన్నది ఇంటికెళ్ళి పడుకుంటుంది.

మనకు కూడా పని ఉంది. తెలుగు స్త్రీవాదులు ఒకప్పుడు కూర్చుని ‘సవాలక్ష సందేహాలు’ లాంటి ఆరోగ్య పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత మనం కవిత్వంలో దేహం గురించి చాలా రాశాం, దేహంలో ఏముందో రాయడం తగ్గించాం. మీ అమ్మల, అత్తల, పిన్నుల ఒంటి చరిత్ర రాయండి, కాన్పుల వరసతో, తేదీలతో. కథ కాకపోయినా ఫరవాలేదు.

అత్తయ్య ఇప్పుడు పర్సులో ఒక చీటీ పెట్టుకుని తిరుగుతుంది. జ్వరమొచ్చినా, వాంతులైనా స్టిరాయిడ్ మోతాదు పెంచాలని, ఆపకూడదని అందులో రాసి ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. మా అమ్మ చెప్పిన మిగతా ఇద్దరిలో ఒకామె అప్పటికే చనిపోయింది, గుండె ఆగిందన్నారు. రెండో ఆమెను కిందటేడు అత్తయ్యే వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళింది. డాక్టరు ముందు కూర్చోబెట్టి, ఆమె మొగుణ్ణి బయట ఉండమంది.